పాత కెమెరాకి మార్కులు

రొయ్యల వ్యాపారంలో అంకె పెరిగితే విలువ తగ్గుతుంది. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్, అది పెద్ద రొయ్య. కిలోకి వంద తూగితే వంద కౌంట్, అది చిన్న రొయ్య. యానాం చుట్టుపక్కల చెరువుల మీద లెక్కలు చూస్తూ బతికేవాణ్ని కాబట్టి, ఎవరైనా పెద్ద అంకె చూపించి గొప్ప చెబితే నాకు ముందు అనుమానమే వస్తుంది. అందుకే మా బావమరిది కనకాలపేట నుంచి పనిగట్టుకుని వచ్చి, తన కొత్త ఫోను నా మొహం ముందు పెట్టినప్పుడు నేనేమీ కంగారుపడలేదు.

"బావగారూ, ఇందులో నూట ఎనిమిది మెగాపిక్సెల్ ఉందండి. మీరు తెస్తానంటున్న ఆ పాత కెమెరాలో ఎంత?"

"పదహారు."

"పదహారా! నూట ఎనిమిదెక్కడ, పదహారెక్కడ?"

"నూట ఎనిమిది అష్టోత్తరానికి బాగుంటుంది. ఫొటోకి పదహారు చాలు."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. తమ్ముడి మాటకి నవ్విందో, నా మాటకి నవ్విందో ఇన్నేళ్ల కాపురంలోనూ నేను తేల్చుకోలేకపోతున్నాను.

అసలు కెమెరా గొడవ మొదలైంది నా పిత్తాశయంలో. అందులో రాళ్లున్నాయని, తీసెయ్యాలని కిందటేడు డాక్టరు చెప్పారు. ప్రమాదం చాలా తక్కువని కూడా చెప్పారు. ఆ తక్కువ ఎంతో అడిగి తెలుసుకుని నేను నిశ్చింతగా పడుకున్నాను. మా ఆవిడ మాత్రం నన్ను ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్తున్నప్పుడు, కోనసీమలో గోదావరి ఒడ్డున ఉన్న వెంకన్నకి తలనీలాలు ఇస్తానని మొక్కేసుకుంది. ఇంటికొచ్చాక ఆ సంగతి చెబితే, ఆ మొక్కు నాకు లెక్కకి అందలేదు.

"అంత చిన్న ప్రమాదానికి అంత పెద్ద జుట్టా?" అన్నాను.

"ప్రమాదం ఎంతో మీరు లెక్కేసుకున్నారు. నా భయం ఎంతో ఎవరు లెక్కేశారు?"

ఆమె జుట్టు పెద్దదే. నడుం దాటి కిందికి ఉంటుంది. నలభై దాటినా ఒత్తు తగ్గలేదు. తలంటుకున్న రోజున ఆరబెట్టుకోవడానికి పెరట్లో ఒక మంచం మొత్తం కావాలి. మొక్కు తీర్చుకోవడానికి శనివారం ఒకటి అనుకున్నాక, ఆమె నన్ను ఒకే ఒక్కటి అడిగింది.

"ఇచ్చేసేలోపు గోదావరి గట్టు మీద నిలబెట్టి నాకొక ఫొటో తియ్యండి. జుట్టు వదిలేసి. మళ్లీ ఇంత పెరుగుతుందో లేదో. పెరిగినా నల్లగా ఉండదు."

దానికి ముందుకొచ్చినవాడు మా బావమరిదే. పెరట్లో నిలబెట్టి తన నూట ఎనిమిదితో తీశాడు. ఆ ఫోను తనంతట తానే మనిషిని ముందుంచి, వెనకున్నదంతా మసక చేసేస్తుందట. చేసింది. ఏది మనిషో ఏది వెనకో దానికి సరిగ్గా తెలియక, చెవుల పక్కన ఎగిరిన జుట్టంతా కొబ్బరిచెట్టు ఖాతాలో వేసి మసకలో కలిపేసింది. మొహానికి మాత్రం సున్నం వేసింది. మా ఆవిడ ఆ ఫొటో వంక చాలాసేపు చూసింది.

"దేవుడికి ఇవ్వకముందే సగం జుట్టు నీ ఫోనుకిచ్చేశాన్రా," అంది తమ్ముడితో.

ఆ మాటతో నా పాత కెమెరాకి దారి తెరుచుకుంది. మొక్కు తీరాక ఆమెను పాపికొండలకీ, అరకుకీ తిప్పుతానని నేను ఎలాగూ మాటిచ్చి ఉన్నాను. ప్రయాణానికి తేలిగ్గా ఉండేది, ఆరుబయట వెలుతురులో బాగా పనిచేసేది ఒకటి కొందామని చాలాకాలంగా చదువుతున్నాను. నేను స్కూల్లో చదివింది తక్కువ. లెక్కలన్నీ చెరువుగట్ల మీద సొంతంగా నేర్చుకున్నవే. కెమెరాల గురించి కూడా అలాగే నేర్చుకున్నాను. కొత్త కెమెరా గురించి రాసేవాళ్లందరూ అది అద్భుతమంటారు, ఏడాది తిరిగేసరికి దాన్నే పనికిరానిదంటారు, ఎందుకంటే అప్పటికి ఇంకో అద్భుతం వచ్చి ఉంటుంది. పదేళ్ల కిందటి కెమెరా గురించి మాత్రం ఎవరూ అబద్ధాలు చెప్పరు. చెప్పినా లాభం లేదు కదా.

కాకినాడలో పాత కెమెరాలు అమ్మే ఒకాయన దగ్గర దొరికింది. మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం ఉండని రకం. అందుకే చిన్నది, తేలిక. "వారం రోజులు వాడి చూసుకోండి, గురువుగారూ. నచ్చకపోతే శుక్రవారం సాయంత్రంలోగా తెచ్చేయండి, వేరేది ఇస్తాను," అన్నాడాయన. శనివారం మొక్కు, శుక్రవారం గడువు. అన్నీ చక్కగా కుదిరాయనుకున్నాను.

ఇంటికి తెచ్చి, లెన్సు ఊడదీసి మా ఆవిడకి లోపల చూపించాను. 

"అద్దం లేదు చూశావా?"

"లేదని తెలిసే కొన్నారా?" అని, "ఈ రెండూ వేరువేరా?" అని అడిగింది.

"వేరే. ఇది లెన్సు, ఇది పెట్టె."

"అయితే రెండింటికీ పెట్టాలి. పాతదైనా మనింటికి కొత్తదే కదా."

పసుపు, కుంకుమ తెచ్చింది. పెట్టె నెత్తి మీద ఒక బొట్టు, లెన్సు వెనక అంచు మీద ఒక బొట్టు, మూత మీద ఒక బొట్టు పెట్టి, కర్పూరం తిప్పింది. మా ఇంట్లో మోటారు సైకిలుకీ, మిక్సీకీ, రొయ్యలు తూచే కాటాకీ ఇదే మర్యాద. నేను చూస్తూనే ఉన్నాను. బొట్ల వల్ల బరువు ఏమైనా తేడా వస్తుందా అని మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, రాదని తేల్చుకుని లెన్సు బిగించేశాను.

మర్నాటి నుంచి పరీక్షలు పెట్టాను. చెరువులో రొయ్య ఎంత ఎదిగిందో తెలియాలంటే గట్టున నిలబడి చూస్తే సరిపోదు. నాలుగు మూలలా వల విసిరి, పడినవి తూచి, సగటు కట్టాలి. ఒక్క మూలే వల వేసి మురిసిపోయినవాళ్లు, రొయ్యలన్నీ పట్టే పట్టుబడి రోజున ఏడ్చారు. కెమెరాకీ అదే సూత్రం. ఫొటో మధ్యలో ఎలాంటి లెన్సయినా బాగానే చూపిస్తుంది, దాని బండారమంతా మూలల్లో ఉంటుంది. ప్రహరీగోడకి నాలుగు దినపత్రికలు నాలుగు మూలలా అంటించి, మధ్యలో ఒకటి అంటించి, పొద్దునా మధ్యాహ్నమూ సాయంత్రమూ తీశాను. మూలలకి పదికి ఏడు వేశాను. బరువుకి తొమ్మిది. బ్యాటరీ అయిపోయేదాకా గోడనే మళ్లీమళ్లీ తీసి, దానికి నాలుగు.

మా ఆవిడ బట్టలారేస్తూ అంది. "ఆ గోడకి ఏమైనా సంబంధం చూస్తున్నారా? అన్ని ఫొటోలు నాకు పెళ్లిచూపుల్లో కూడా తియ్యలేదు."

"ముందు దీని సంగతి తేలనీ. నీ ఫొటో ఎక్కడికి పోతుంది?"

"ఫొటో ఎక్కడికీ పోదు. జుట్టే పోతుంది."

ప్రయాణానికి పనికొస్తుందో లేదో చూడ్డానికి పక్కనున్న మెట్టకూరు, అగ్రహారం చుట్టి వచ్చాను. ఈ విషయంలో యానాం వాళ్లం అదృష్టవంతులం. మిగతావాళ్లు వేరే రాష్ట్రానికి వెళ్లాలంటే రైలెక్కాలి, మాకు కాస్త గట్టిగా నడిస్తే చాలు. మెడలో కెమెరా వేలాడేసుకుని ఎదుర్లంక వంతెన దాటి, ఆంధ్రప్రదేశ్‌లో ఒక కొంగను తీసి, టీ తాగి, మళ్లీ మా పుదుచ్చేరిలోకి వచ్చేశాను. రాష్ట్రాలు దాటినా మెడ నొప్పి పుట్టలేదు. ఆ దారిలో ఎదురైన ముగ్గురు, ఏ చానల్ అని అడిగారు. ఇంకొకాయన, మా దగ్గర మందు చవకని పొరుగూళ్ల నుంచి సరదాగా గొంతు తడుపుకోవడానికి వచ్చినట్టున్నాడు, నన్ను చూసి జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా పక్క సందులోకి వెళ్లిపోయాడు. మా ఊళ్లో కెమెరా పట్టుకుని తిరిగేవాడికి ప్రకృతి ఎంత దొరుకుతుందో, అంత అలజడి కూడా దొరుకుతుంది.

బుధవారం పొద్దున్న ఫోకస్ పరీక్ష. కదిలేదాన్ని ఈ పాత కెమెరా పట్టుకోగలదా లేదా అన్నది అసలు ప్రశ్న. మా ఆవిడని గోదావరి గట్టు మీదికి తీసుకెళ్లి, ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు చేతికిచ్చాను. దాన్ని గుండెల దగ్గర పట్టుకుని నావైపు నడిచి రావాలి. పెద్ద అంకెలు, వాటి కింద చిన్న తిథులు. అంకెలు స్పష్టంగా వస్తే ఐదు, తిథులు కూడా చదవగలిగితే పది.

ఆ రోజు ఆమె తలంటుకుంది. జుట్టు ఇంకా ఆరలేదని అల్లుకోలేదు. చలికాలపు గాలి ఏటి మీది నుంచి విసురుగా వస్తోంది.

"ఎలాగూ వచ్చాం కదండీ. ఆ క్యాలెండరు పక్కన పెట్టి నన్ను తియ్యకూడదూ?"

"మార్కులు తేలకుండా నిన్ను తీస్తే, రేపు ఫొటో బాగోకపోతే తప్పు కెమెరాదో నాదో ఎలా తెలుస్తుంది?"

"నాదని చెబుతారు లెండి."

"నడు, నడు. క్యాలెండరు కాస్త పైకి. మొహానికి అడ్డం వచ్చినా పరవాలేదు."

"పరవాలేదట!" అంటూ నడిచింది. నేను నొక్కుతూ వెనక్కి నడిచాను. సరిగ్గా అప్పుడే మా బావమరిది స్కూటరు మీద వచ్చి, హారన్ కొట్టి, "అక్కా! పంచాంగం అమ్ముతున్నావా? మాకూ ఒకటియ్యి!" అని అరిచాడు. ఆమె అటు తిరిగి ఏదో తిట్టింది. నేను నొక్కుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి చూస్తే చాలా వాటిల్లో అంకెలు పరవాలేదు. ఆ తిట్టిన దగ్గర తీసిన దాంట్లో మాత్రం క్యాలెండరు మొత్తం అలికేసినట్టుంది. కెమెరా క్యాలెండరుని వదిలేసి వెనకనున్న జుట్టుని పట్టుకుంది. చెప్పిన పని చెయ్యకుండా దారిన పోయేదాన్ని పట్టుకున్నందుకు రెండు మార్కులు కోసేశాను.

గురువారం ఆకాశానికి వల వేశాను. లెన్సు కన్ను బాగా చిన్నది చేసి, మబ్బులేని చోట తీశాను. కుడివైపు పైన, ఒక బూడిదరంగు మచ్చ ఉంది.

"గద్దేమో, బావగారూ," అన్నాడు మా బావమరిది.

ఇంకో పక్కకి తిరిగి తీశాను. అక్కడా ఉంది. ఏటి మీదికి తిరిగి తీశాను, అక్కడా ఉంది. 

"నువ్వు చెప్పిన గద్ద ప్రహరీగోడ మీద కూడా ఎగురుతోంది, చూడు," అని పాత ఫొటో ఒకటి పెద్దది చేసి చూపించాను.

"అయితే పాతది అంటగట్టాడండి మీకు!"

"పాతదని చెప్పే ఇచ్చాడు."

"అదే మరి, అంటగట్టడంలో కొత్త పద్ధతి!"

మచ్చ ఉన్న కెమెరాతో అరకు ఆకాశం ఏం తీస్తాం? మార్కులన్నీ కొట్టేసి, శుక్రవారం పొద్దున్నే తిరిగిచ్చేయాలని తీర్మానించుకున్నాను. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడింది.

"మరి నా ఫొటో?"

"మధ్యాహ్నానికల్లా వేరేది తీసుకుని వచ్చేస్తాను. నువ్వు సాయంత్రం గట్టు మీదికి వచ్చెయ్యి. బస్సు దిగి తిన్నగా అక్కడికే వస్తాను."

"శనివారం తెల్లారకముందే పక్కింటి వదినా వాళ్ల వ్యాను గుడికి బయల్దేరుతుంది. అది గుర్తుంచుకోండి. ఆ రోజు అక్కడ ఇసకేస్తే రాలదు, మనకోసం ఆగరు."

కాకినాడ వెళ్లేసరికి షాపుకి తాళం. ఆయన ఎవరి పెళ్లికో ఫొటోలు తీయడానికి వెళ్లాడట. మెట్ల మీద కూర్చుని, ఫిర్యాదుని అంకెలతో సహా మనసులో సర్దుకున్నాను. ఆయన నాలుగింటికి వచ్చాడు, జేబులో కిళ్లీ, చొక్కా మీద పన్నీరు మరకలు. నా వాదన సగంలో ఉండగానే లెన్సు ఊడదీసి, లోపలికి టార్చి వేసి చూశాడు.

"గురువుగారూ, ఇంట్లో దీనికి పూజేమైనా చేశారా?"

నేను మూత మీది బొట్టుని బొటనవేలితో తుడిచాను.

"ఆయ్, చేశారండి. లెన్సు అంచున పెట్టిన బొట్టు ఎండి, రాలి, లోపల సెన్సర్ మీద కూర్చుంది. ఇదిగో, ఎర్రగా కనిపిస్తోంది చూడండి." రబ్బరు బుడ్డి ఒకటి తీసి నాలుగుసార్లు గాలి కొట్టాడు. అంతే, గద్ద ఎగిరిపోయింది. "దసరా వెళ్లిన వారం నేను ఇంకే పనీ పెట్టుకోనండి. వచ్చేవన్నీ ఇవే. మొన్న ఒకాయనైతే నిమ్మకాయ కూడా పిండాడు."

"నిమ్మకాయ ఎందుకు?"

"దిష్టికండి. లోపలికే పిండాడు."

పోల్చి చూసుకుంటే మా ఆవిడ పద్ధతి నయమనిపించింది. కానీ చేతిలో ఉన్నది మొదటి రోజు నుంచీ మంచి కెమెరాయే. మంచిదని ఇప్పుడు రుజువైంది. రుజువైన కెమెరా పట్టుకుని నేను కాకినాడ బస్టాండులో నిలబడి ఉంటే, పొద్దు అటు వాలిపోతోంది.

యానాంలో బస్సు దిగి గట్టు మీదికి పరిగెత్తాను. ఏటి మీద దీపాలు వెలిగాయి. ఆమె రెయిలింగు దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుంది. జుట్టు మొత్తం వదిలేసింది.

"బాగయ్యిందా?"

"దానికేమీ కాలేదు. కుంకుమ పడింది."

"నాదేనా?"

"నీదే. ఇటు తిరుగు, ఇటు."

తీశాను. తెరమీద చూస్తే ఒక మొహం, రెండు గాజుల చేతులు మాత్రం ఉన్నాయి. వెనక చీకటి నల్లగా ఉంది, జుట్టూ నల్లగా ఉంది. రెండూ కలిసిపోయాయి. వెలుతురు పట్టే శక్తి పెంచి తీశాను. ఫొటో నిండా చీమలు పట్టినట్టు చుక్కలు. ఫ్లాష్ వేశాను. మొహం పిండిలా తెల్లగా, కళ్లు ఎర్రగా, చుట్టూ విరబోసిన జుట్టు. సైకిల్ మీద వస్తున్న పెద్దాయన ఆ వెలుగులో ఆమెను చూసి, దండకం ఏదో గొణుక్కుంటూ గట్టిగా తొక్కాడు. ఇంకో సమయంలో అయితే ఇద్దరం నవ్వేవాళ్లం.

చీకట్లో దీని పనితనానికి నేను సోమవారమే పదికి రెండు వేసి ఉన్నాను. ఆ లెక్క తప్పలేదు. మా ఆవిడ జుట్టు మూడు పాయలు చేసి, చూడకుండానే అల్లుకోవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక, "ఇలా ఇవ్వండి, ఈ వారమంతా ఏం తీశారో చూస్తాను," అని కెమెరా అందుకుంది. గోడ. గోడ. దినపత్రిక. గోడ. కొంగ. వంతెన. ఆకాశం, గద్ద. ఆకాశం, గద్ద. ఆమె బొటనవేలు నొక్కుతూ పోతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇదేంటండీ?"

వంగి చూశాను. "అదా, ఫెయిలైంది. ఫోకస్ తప్పింది."

"ఎవరు ఫెయిలయ్యారు?"

కింద క్యాలెండరు అలికినట్టుంది. దాని పైన ఆమె పక్కకి తిరిగి, తమ్ముణ్ని తిడుతూ నోరు తెరిచింది. తిడుతోందని నాకు తెలుసు కాబట్టి గానీ, తెలియనివాళ్లు నవ్వుతోందనే అంటారు. నిజానికి రెండూ చేస్తున్నట్టుంది. తలంటుకున్న జుట్టంతా గాలికి లేచి, ఏటిమీద అడ్డంగా, ఫొటో ఆ చివరిదాకా వెళ్లింది. ఎండ దాని వెనక నుంచి పడుతోంది. ఏ వెంట్రుకకి ఆ వెంట్రుక విడిగా ఉంది. ఎడమవైపు మూలలో కూడా స్పష్టంగా ఉందని నేను పైకి అనలేదు.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వీపు మీది జడ ముందుకి వేసుకుని, ఫొటోలో ఉన్నదీ చేతిలో ఉన్నదీ ఒకటేనా అన్నట్టు తడిమి చూసుకుంది.

"దీన్ని చెరిపెయ్యకండి," అని పడుకుంది.

శనివారం గోదావరి ఒడ్డున మొక్కు తీరింది. చందనం రాసిన తలతో బయటికి వచ్చిన ఆమెను ఎండలో నిలబెట్టి ఒక ఫొటో తీశాను. వెలుతురు, ఫోకస్, నాలుగు మూలలు, అన్నీ సరిపోయాయి. నా లెక్కల ప్రకారం ఆ కెమెరా తీసిన వాటిల్లో పదికి పది వచ్చింది దానికొక్కదానికే. దాన్ని మాత్రం ఆమె ప్రింటు వేయించనివ్వలేదు.

గట్టు మీద ఫెయిలైనదాన్నే పెద్ద సైజులో వేయించి, ఫ్రేము కట్టించాను. హాల్లో ఖాళీ మేకు లేదు. మా ఆవిడ తిన్నగా వెళ్లి క్యాలెండరు తీసేసి, ఆ మేకుకే ఫొటో తగిలించింది. ఆ సాయంత్రం మా బావమరిది వచ్చి దాని ముందు నిలబడ్డాడు. పదహారు మెగాపిక్సెల్ గురించి ఏమంటాడా అని ఎదురు చూశాను.

"అన్నీ బాగున్నాయి గానీ, బావగారూ, క్యాలెండర్లో తారీఖు కనపడట్లేదండి."

"అందుకే కదా రెండు మార్కులు కోశాను."

"ఇప్పటికీ కలపలేదా?" అంది మా ఆవిడ, తలకి తుండు చుట్టుకుంటూ.

"ఎలా కలుపుతాను? పరీక్ష పెట్టింది క్యాలెండరుకి. జుట్టుకి కాదు కదా."

అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెమెరా ఇంట్లోనే ఉంది. పాపికొండలకి బ్యాటరీ ఇంకొకటి కొనాలి. క్యాలెండరు వంటింటి తలుపు వెనక వేలాడుతోంది, తిథి చూడాలంటే నేను తలుపు మూసి, లైటు వేసుకోవాలి.